డబ్బా పక్కన కొలత

ఆ ఇంట్లో ఇంటర్నెట్ వైరు చిన్నకోడలి గదికి వెళ్లింది. పెద్దకోడలికి వైఫై చాలన్నారు. అంతే, తేలిపోయింది.

గోడకు రంధ్రం వేసింది పెద్దకోడలి మొగుడే. వంటింట్లో బల్బు మార్చమంటే నెల నాన్చే మనిషి, మరదలి కోసం పొద్దున్నే నిచ్చెనెక్కి, మేకులు నోట్లో పెట్టుకుని హాలంతా వైరు కొట్టుకుంటూ పోయాడు. "పెద్ద కంపెనీ ఉద్యోగం. మధ్యలో మాట తెగకూడదు," అన్నాడు. రాలిన సున్నం పెద్దకోడలు ఊడ్చింది.

ఆమెదీ ఉద్యోగమే. వంటింట్లో మిక్సీ పక్కన ల్యాప్‌టాప్ పెట్టుకుని ఆన్‌లైన్‌లో పిల్లలకు లెక్కలు చెబుతుంది. నోరు తెరిచిన చోటే బొమ్మ ఆగిపోయేది. "టీచర్ మళ్లీ విగ్రహమైపోయింది," అని పిల్లలు నవ్వుకునేవారు. ఇంకోసారి ఆగితే పెద్ద పిల్లల క్లాసు వేరేవాళ్లకు ఇచ్చేస్తామని మేనేజరమ్మ చెప్పేసింది.

మొగుడితో అంటే, హాల్లో వైఫై డబ్బా పక్కన నిలబడి ఫోన్లో స్పీడు చూశాడు.

"తొంభై. వైరు వేసిన రోజు ఆ అమ్మాయి గదిలో తొంభై ఐదు. ఏముంది తేడా? నీకన్నీ వంకలే."

"నేను డబ్బా పక్కన కూర్చుని చెప్పట్లేదండీ. వంటింట్లో చూడండి."

"వంటింట్లో ఎవరన్నా స్పీడు కొలుస్తారటే?"

"చిన్నదానికి వస్తే ఓర్వలేదురా," అంది అత్తగారు.

ఓర్వలేదు. నిజమే. ఆ మాట తనలో తానైనా కాదనుకోలేదు. చిన్నకోడలు తలుపేసుకుంటుంది. ఆ తలుపు ఎవరూ తట్టరు. కాఫీ అడగరు, తువ్వాలు ఎక్కడుందని అడగరు. లోపల కుర్చీలో కాలు మీద కాలేసుకుని, తెగని మాటలు మాట్లాడుతూ ఉంటుంది. ఆ కుర్చీనీ ఆ కాలినీ తలుచుకుంటూ రెండుసార్లు పాలు పొంగబెట్టింది. తోటికోడలు ఎదురైతే మొహం తిప్పుకునేది.

వంటింట్లో తనే కొలుచుకుంది. ఆరు.

మర్నాడు బొమ్మ ఆగింది. క్లాసు పోయింది.

ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని చిన్నకోడలి తలుపు తోసింది. తట్టలేదు. కుర్చీ ఖాళీ. వైరు గోడ దిగి, టీవీ కిందున్న మరిది వీడియో ఆటల పెట్టెలోకి పోయింది. బాత్రూం గుమ్మంలో, బోర్లించిన బకెట్ మీద కూర్చుని, ఒళ్లో ల్యాప్‌టాప్‌తో చిన్నకోడలు.

"ఇక్కడైతే కాస్త అందుతుందక్కా."

"మరి వైరు?"

"వేసిన మర్నాడే ఆయన లాగేసుకున్నారు. నా ఉద్యోగం పేరు చెప్పి బావగారితో వేయించుకుంది ఆయనే."

"నాతో చెప్పొద్దూ?"

"మీరు నా మొహం చూస్తేగా!"

పెద్దకోడలు ఎవరినీ అడగలేదు. బజారుకెళ్లి రెండు పొడుగాటి వైర్లు తెచ్చింది. డబ్బా నుంచి ఒకటి వంటింటికి, ఒకటి చెల్లెలి కుర్చీ దగ్గరికి. గోడవారగా వేయలేదు. హాలు మధ్యలోంచి అడ్డంగా లాగింది. అప్పుడు కూడా రెండిటి స్పీడూ చూసింది. తనది ఒకటి ఎక్కువ. మనసు కుదుటపడింది.

సాయంత్రం మొగుడి కాలికి వైరు తగులుకుంది. పడబోయి గోడ పట్టుకున్నాడు.

"ఏమిటే ఇది? అడిగితే నేను వేయనా?"

ఆమె చిన్నపిల్లలకు భిన్నాలు చెబుతోంది. బొమ్మ ఆగలేదు, మాట తెగలేదు. తల తిప్పలేదు.

రాత్రి మళ్లీ అడిగాడు. మర్నాడు అత్తగారు అడిగింది. కొన్నాళ్లకు వైర్లు దాటి నడవడం అందరికీ అలవాటైంది. వైరు సంగతి మాత్రం ఆమె ఆ ఇంట్లో మళ్లీ ఎత్తలేదు.