గంట కనబడుటలేదు

పాతపట్నం డిగ్రీ కాలేజీలో గంట పోయిన రోజున మొదటి పీరియడు మధ్యాహ్నం దాకా నడిచింది. గంట కొడితేగాని పీరియడు అవదు, అది అక్కడి ధర్మం. ఎకనామిక్సు మేష్టారు డిమాండు చెప్పారు, సప్లయి చెప్పారు, గంట కొట్టకపోయేసరికి ధరలు, ద్రవ్యం, బ్యాంకులూ చెప్పేశారు. ఏడాది పాఠం అయిపోయాక, ఇంక చెప్పడానికేమీ లేక, తన పెళ్ళి ఎలా జరిగిందో చెబుతుండగా పిల్లల్లో ఒకడు ఆకలికి సొమ్మసిల్లాడు. అప్పుడుగాని ఎవరూ బయటికొచ్చి చూడలేదు. వరండా దూలానికి గొలుసు వేలాడుతోంది. గంట లేదు.

గంటంటే గుడిగంట లాంటిది కాదు. చిన్నరైలు నడిచిన రోజుల నాటి ఇనప పట్టా, మూరెడు ముక్క. దాన్ని కొట్టడానికి ఇంకో ఇనప ముక్క. కొట్టే అటెండరు రిటైరయ్యాక ఆ ఉద్యోగంలో ఎవరినీ వెయ్యలేదు. అందుకని ఆ పూట ఎవరు ఆలస్యంగా వస్తే వాళ్ళు కొట్టాలని ప్రిన్సిపాలు నరసింగరావుగారు ఆర్డరు వేశారు. శిక్షా అవుతుంది, పనీ అవుతుంది. నరసింగరావుగారికి ఒక దెబ్బకి రెండు పిట్టలు రాలకపోతే తోచదు.

అందుకే ఆయన సాయంత్రం లెక్చరరు కృపానిధి దగ్గరికొచ్చారు. "మేష్టారూ, గంట పోనాదని కంప్లయింటిస్తే పోలీసోళ్ళు నవ్వుతన్నారండి. మనమే ఒక ప్రకటన అచ్చు వేయించి బస్టాండులో అంటిద్దాం. మీ ఫస్టియరు పిల్లల చేత రాయించండి. ప్రాక్టికలూ అవుతాది, గంటా దొరుకుతాది."

కృపానిధి మొదటి సంవత్సరంవాళ్ళకి 'చదవడం, రాయడం' అనే కొత్త పేపరు చెబుతున్నాడు. ఇంటరు దాటొచ్చిన పిల్లలకి మళ్ళీ చదవడం రాయడం నేర్పడమేమిటని స్టాఫురూములో నవ్వుకున్నారు. కృపానిధి నవ్వలేదు. మొదటివారం మీ వీధి గురించి రాసుకురమ్మంటే, అందరి వీధికీ రెండువైపులా పచ్చని చెట్లున్నాయి. అందరి వీధి చివరా పోస్టాఫీసుంది. పలాస నుంచి వచ్చేవాడి వీధీ, మెళియాపుట్టి నుంచి వచ్చే పిల్ల వీధీ ఒకటే. గైడులోని వీధి.

ప్రకటన రాయమని క్లాసులో చెప్పేసి, కృపానిధి మర్నాడు సెలవు పెట్టి టెక్కలి వెళ్ళాడు. అతని భార్య రూబీ పోయి ఏడాది కావస్తోంది. సమాధికి రాయి చూసుకోవాలి. రాళ్ళ దుకాణానికి రూబీ అన్నగారు ఇమ్మానుయేలు కూడా వచ్చాడు. పాతపట్నం బాప్టిస్టు చర్చిలో ఆయన సంఘపెద్ద.

"రాయి సంగతి సరే బావా. జీవిత చరిత్ర ఏటైనాది? వచ్చే ఆదివారమే కూడిక," అన్నాడు ఇమ్మానుయేలు, పాలిషు చేసిన రాయి మీద వేలితో రాస్తూ.

ఆ సంఘంలో అదొక ఆనవాయితీ. పోయినవాళ్ళకి ఏడాది నిండినప్పుడు జ్ఞాపకార్థ కూడిక పెట్టి, వాళ్ళ జీవిత చరిత్ర చదువుతారు. ఇంటివాళ్ళే రాసుకురావాలి. రాయలేనివాళ్ళకి ఇమ్మానుయేలు రాసిపెడతాడు. ఆయన దగ్గర ఒక నమూనా ఉంది. ఫలానావారు దైవభక్తిగల తల్లిదండ్రులకు జన్మించి, క్రమశిక్షణలో పెరిగి, సంఘ సేవలో ముందుండి, అందరి మన్ననలూ పొంది ప్రభువునందు నిద్రించారు. ఆ సంఘంలో ఎవరు పోయినా అలాగే జన్మించి, అలాగే నిద్రించారు.

"నేను రాస్తున్నాను బావా," అన్నాడు కృపానిధి.

"ఏడాది బట్టీ రాస్తన్నావు. ఊరందరి పిల్లలకీ రాయడం నేర్పీవోడివి, సొంత పెళ్ళాం గురించి అర పేజీ రాయలేవా? నీవల్ల కాకపోతే సెప్పు. నా కాగితం ఉన్నాది. పేరు మార్చీడమే."

కృపానిధి దుకాణంవాణ్ణి రాయి ధర అడిగాడు. రాయలేకపోవడానికి మాటలు రాకపోవడం కారణం కాదు. మాటలు మరీ సులువుగా వస్తున్నాయి. కలం పట్టుకోగానే 'దైవభక్తిగల తల్లిదండ్రులకు' అని అదే వచ్చేస్తోంది. ఆ కాగితంలో అబద్ధమేమీ లేదు. రూబీ కూడా లేదు. ఆదివారం నాడు అదే చదివితే ఆమెని రెండోసారి పూడ్చినట్టని అతనికి అనిపించింది.

సాయంత్రం పాతపట్నం బస్టాండులో దిగేసరికి గోడ మీద ప్రకటన కనబడింది. మేష్టారు లేకపోవడంతో, ఉన్నవాటిలో గుండ్రని దస్తూరీ చూసి ప్రిన్సిపాలుగారే ఒకటి ఎంచి అచ్చుకిచ్చేశారు.

'గంట కనబడుటలేదు. ఎత్తు అయిదడుగుల నాలుగంగుళాలు. చామనఛాయ. వెళ్ళినప్పుడు నీలం గళ్ళ చొక్కా ధరించి ఉన్నది. తెలుగు, ఒడియా మాట్లాడగలదు. మతిస్థిమితం అంతంతమాత్రం. గంటా! నీవు వెళ్ళినప్పటి నుంచి అమ్మ అన్నం మానేసింది. నిన్ను ఎవరూ ఏమీ అనరు. ఎక్కడున్నా వెంటనే బయలుదేరి రావలెను.'

కృపానిధి చివరి మూడు వాక్యాలూ మళ్ళీ చదివాడు. పక్కన బజ్జీలు తింటున్నాయన, "పాపం, ఎవల గుంటడో, ఇల్లిడిసి పోనాడు," అన్నాడు.

మర్నాడు క్లాసులో అప్పలసూరిని లేపాడు. గుండ్రని దస్తూరీ వాడిది.

"ఒరే అప్పలసూరీ, గంటకి గళ్ళచొక్కా ఏమిట్రా?"

"మోడల్లో ఉన్నాది సార్."

"మన గంట ఎత్తు అయిదడుగుల నాలుగంగుళాలా?"

"నేల కాడ్నించి కొలిస్తే ఉంటాది సార్."

"తెలుగు, ఒడియా మాట్లాడుతుందా?"

"రెండు భాషలోలకీ అర్థమవుతాది కదండీ."

"మతిస్థిమితం?"

"అది మాత్రం నిజవే సార్," అని వెనక బెంచీ నుంచి ధర్మేంద్ర లేచాడు. "ఒక్కోరోజు మూడో పీరియడుకే ఇంటి గంటయిపోయీది."

క్లాసంతా నవ్వుతుండగానే గేటు దగ్గర ఆటో ఆగింది. పర్లాకిమిడి ఆటోవాడు ఒక మనిషిని దింపి, "దొరికినాడండీ!" అని కేకేశాడు. ప్రిన్సిపాలుగారు ప్రకటన పట్టుకుని వరండాలోకొచ్చారు. వచ్చినవాడి పేరు నూకయ్య. నీలం గళ్ళ చొక్కా. చామనఛాయ. గోడకి నిలబెట్టి కొలిస్తే ఎత్తు సరిపోయింది.

"ఒడియా వస్తాదా?"

"హఁ ఆజ్ఞా," అన్నాడు నూకయ్య.

"నువ్వు గంటవేనా?"

"అలగే రాసున్నాది కద బాబూ. సదివించుకున్నాను. అమ్మ అన్నం మానీసినాదంట. రాకుండా ఎలగుంటాను?"

"మీ అమ్మ ఎక్కడుంటుంది?" అనడిగాడు కృపానిధి.

"మాయమ్మ పోయి సేనాళ్ళైనాది బాబూ. ఎవులో ఒకరమ్మే కద. ముందా యమ్మకి అన్నం ఎట్టండి."

ప్రిన్సిపాలుగారు కళ్ళజోడు తుడుచుకుని, ప్రకటన మీద ఒక్కొక్క మాటకీ టిక్కు పెట్టారు. "అన్నీ సరిపోనాయి మేష్టారూ. ఫైలు మూసేద్దాం."

"పోయింది ఇనప ముక్కండీ," అన్నాడు కృపానిధి.

"రాసింది మీ క్లాసే కదండీ? రాసినదాని ప్రకారమే వచ్చినాడు. ఇందులో మనిషి తప్పేటుంది?"

ఆ పూట నుంచే నూకయ్య వరండాలో గొలుసు కింద స్టూలేసుకుని కూచున్నాడు. హాస్టల్లో భోజనం. గంటగంటకీ లేచి, చొక్కా సర్దుకుని, "ఠంగ్!" అని అరిచేవాడు. ఒకటో పీరియడుకి ఒకటి, రెండో పీరియడుకి రెండు. గొంతు మంచిది, పెద్ద రోడ్డు దాకా వినిపించేది. పాత గంట కంటే ఇదే నయమని స్టాఫురూములో తేలింది. దీన్ని ఎవడూ ఎత్తుకుపోలేడు. నూకయ్యకి జలుబు చేసిన రోజున మాత్రం రెండు పీరియడ్లు కలిసిపోయాయి.

కృపానిధికి ఆదివారం దగ్గరపడుతోంది. కాగితం మీద రూబీ పేరు తప్ప మరేమీ లేదు. శుక్రవారం క్లాసులో గైడులన్నీ మూయించాడు.

"గంట గురించి మళ్ళీ రాయండి. మీరు చూసింది, విన్నది, ముట్టుకున్నది. అంతే."

"ఎన్ని మార్కులకి సార్?"

"మార్కులు లేవు."

"మార్కుల్లేకుండా ఎలగ గుర్తొస్తాది సార్?" అన్నాడు అప్పలసూరి, నిజంగానే దిగులుగా.

కిటికీ పక్కన దుర్గాభవాని ఒక్కతే రాస్తోంది. ఆ పిల్ల ఊరి బస్సు ఏనాడూ వేళకి రాదు. అందుచేత గంట ఎక్కువగా కొట్టింది ఆమే. రాసింది నాలుగు వాక్యాలు. కృపానిధి తీసుకుని పైకి చదివాడు.

'మధ్యాహ్నం గంట కాలిపోయేది. కొట్టాక మోత ఆగిపోయినా, మీద చెయ్యి వేస్తే లోపల ఇంకా వణుకుతూ ఉండేది. అది ఆగేదాకా నేను చెయ్యి తీసేదాన్ని కాదు. దానివల్ల క్లాసుకి ఇంకా ఆలస్యమయ్యేది.'



"తప్పాండి?" అంది దుర్గాభవాని. "గైడులో నేదు."

"తప్పు కాదమ్మా."

"అయితే సార్," అని లేచాడు అప్పలసూరి, "మీరూ ఒకటి రాసి సూపించండి. బట్టీ కొట్టీమంటే కొట్టీస్తాం."

కృపానిధి సుద్దముక్క తీసుకుని బోర్డు వైపు తిరిగాడు. ఏ గొడుగు గురించో, సైకిలు గురించో రాద్దామనుకున్నాడు. చెయ్యి 'రూబీ' అని రాసింది. రాశాక ఆపడం తెలియలేదు. కింద 'ఎత్తు' అని రాసి ఆగిపోయాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఎప్పుడూ కొలవలేదు. దాన్ని వదిలేసి 'చామనఛాయ' అని రాశాడు.

"ఒరే, సార్ కూడా చామనఛాయే ఏసినార్రా!" అని వెనక బెంచీ పగలబడి నవ్వింది.

"నోళ్ళు ముయ్యండ్రా," అని వెనక్కి తిరిగి కసిరి, దుర్గాభవాని నెమ్మదిగా అడిగింది. "రూబీ ఎవులండి?"

"మా ఇంటావిడ."

"ఎప్పట్నించి కనబడ్డం నేదండి?"

"ఏడాది కావస్తోంది."

"దొరకనేదా సార్?" అన్నాడు అప్పలసూరి. "మనం ఒక ప్రకటన ఏయిద్దాం. గంట దొరకనేదా మరి?"

కృపానిధి సుద్దముక్క బల్ల మీద పెట్టాడు. అతని మొహం చూసి ముందు బెంచీలకి తెలిసింది. ఒకరి నుంచి ఒకరికి అది వెనక బెంచీ దాకా వెళ్ళింది. అప్పలసూరి కూచున్నాడు.

దుర్గాభవానే, మేష్టారు గంట గురించి అడిగినట్టే అడిగింది. "మీరు విన్నది సెప్పండి సార్. ఆయమ్మ ఏటి సేసీవోరు?"

"చర్చిలో పాట ఎత్తుకునేది," అన్నాడు కృపానిధి. "అందరికంటే ముందే ఎత్తుకునేది. ఎప్పుడూ మరీ పైన ఎత్తుకునేది. సంఘమంతా ఆవిడ వెనక ఆయాసపడుతూ ఎక్కాల్సి వచ్చేది."

"అదే రాయండి సార్," అంది ఆ పిల్ల.

వరండాలో నూకయ్య గొంతు సవరించుకుని అరిచాడు. ఆ రోజు మొదటిసారి ఎవరూ లేవలేదు.

ఆదివారం కూడికకి కృపానిధి జేబులో సగం కాగితం పెట్టుకుని వెళ్ళాడు. ప్రార్థన అయిందో లేదో ఇమ్మానుయేలు లేచి, బావ ఎలాగూ రాసుండడని, తన కాగితం విప్పాడు. రూబీ దైవభక్తిగల తల్లిదండ్రులకు జన్మించింది. క్రమశిక్షణలో పెరిగింది. ముప్పై ఏళ్ళు రైల్వేలో గేటు దగ్గర జెండా ఊపి, మచ్చలేని సర్వీసుతో రిటైరైంది.

అంతకుముందు ఆ కాగితం ఎవరికి వాడారో వాళ్ళ ఉద్యోగం అందులో ఉండిపోయింది. సంఘంలో ఎవరూ ఉలిక్కిపడలేదు. ఒకావిడ కొంగుతో కళ్ళొత్తుకుని, "ఎంత కష్టపడ్డాదో తల్లి, ఎండనకా వాననకా," అంది.

కృపానిధి లేచి నిలబడ్డాడు. "బావా, రూబీ రైల్వేలో పనిచెయ్యలేదు."

ఇమ్మానుయేలు కాగితం వెలుతురుకి పెట్టి చూశాడు. "ఇందులో ఉన్నాది బావా."

"ఉంది. కానీ చెయ్యలేదు. నీ చెల్లెలు."

ఇమ్మానుయేలు ఇంకోసారి కాగితం చూసి, బల్ల మీద పెట్టిన చెల్లెలి ఫొటో చూసి, పక్కకి తప్పుకున్నాడు. కృపానిధి తన కాగితం తీసి చదివాడు.

'రూబీ పాట మరీ పైన ఎత్తుకునేది. కిందికి దించమని పాస్టరుగారు చెబితే, దేవుడు పైనే కదండీ ఉన్నాడు అనేది. వంట చేస్తూ పైకి తిట్టేది. ఎవరినని అడిగితే గిన్నెనని చెప్పేది. నేను రాసిన పాఠాలు చదివి, ఇందులో ఒక్క మనిషైనా లేడేమండీ అని అడిగేది. నేను కోపం తెచ్చుకునేవాణ్ణి. ఆవిడ అన్నం పెట్టేది.'

ముందు ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత సంఘమంతా నవ్వింది. "నిజవే బాబూ, ఆ పాటతో నా పేణం తీసీసీది," అని ఒక ముసలమ్మ అంది. ఇమ్మానుయేలు అందరికంటే ఎక్కువ నవ్వి, నవ్వుతూనే బెంచీ మీద కూలబడి మొహం చేతుల్లో పెట్టుకున్నాడు.

కూడిక అయ్యాక బయట టీ ఇస్తుంటే ఆయన దగ్గరికొచ్చాడు. "సిన్నప్పుడూ అంతే బావా, అరుపే. మరి మిగతాది?"

"మిగతాది లేదు బావా. అక్కడిదాకానే వచ్చింది."

"అయితే రాయి మీద ఏటి సెక్కించమంటావు?"

"మిగతాది వచ్చేదాకా రాయిని అలాగే ఖాళీగా ఉండనీ."

రూబీ పోయేముందు ఆస్పత్రిలో ఉన్న నెలల గురించి కృపానిధి ఇంకా ఒక్క వాక్యం కూడా రాయలేదు.