సోమసుందరంగారి యంత్రంలో మూలా నక్షత్రం

నేను చెప్పిన కథలో వీసమెత్తు అబద్ధం ఉందని ఎవరైనా నిరూపిస్తే, నా కోరమీసంలో సగం అక్కడికక్కడే గొరిగించుకుంటాను. ఏలూరు పాత బస్టాండు దగ్గర్నుంచి తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్టు దాకా ఎవరినైనా అడగండి, ఈ మాటకి తిరుగులేదంటారు. కనుక నిశ్చింతగా చదవండి.

సోమసుందరంగారు మా ఊరి పురోహితులు. ఏలూరు నుంచి కొల్లేటి వైపు వస్తుంటే వరిచేలు అయిపోయి చేపల చెరువులు మొదలయ్యే చోట మా ఊరు. ఆయనింట్లో ఒక పాత కంప్యూటరు ఉంది. ఏలూరులో ఒక కాలేజీవాళ్లు పాతవి వదిలించుకుంటుంటే, దాన్ని కొత్త పెళ్లికూతురిలా ఆటోలో దుప్పటి కప్పి తెచ్చుకున్నారు. జాతకాలు వేసే ప్రోగ్రాం ఎక్కించుకున్నారు. పుట్టిన తేదీ, వేళ, ఊరు కొడితే రాశిచక్రం గీసి చూపిస్తుంది. బిడ్డ అప్పుడే పుట్టిందని కబురొస్తే ఆ మాత్రం శ్రమ కూడా అక్కర్లేదు. 'ప్రస్తుత సమయం' అని ఒక మీట ఉంది. అది నొక్కితే యంత్రమే తన గడియారం చూసుకుని మిగతాదంతా తేల్చేస్తుంది.

ఆ యంత్రానికి వైద్యుడూ ఆయనే. చెరువుల మీంచి వచ్చే తేమగాలికి దాని లోపలంతా ఇత్తడి చెంబులా చిలుమెక్కేది. ఉన్నట్టుండి ఒకనాడు తెర వెలగదు, కీచుకీచుమని అరుస్తుంది. ఆయన పంచె ఎగ్గట్టి, కేబినెట్ మూత విప్పి, ర్యామ్ ముక్కని ఊడబెరికి, పెన్సిలు గీతలు చెరిపే రబ్బరుతో దాని అంచుని బరబరా రుద్ది, మళ్లీ టక్కుమని నొక్కేవారు. తెర వెలిగేది. ఫ్యాను మూలిగితే కుట్టుమిషను నూనె ఒక చుక్క.

"ఏలూరు షాపువాడు చేసేదీ ఇదే. కాకపోతే వాడు ప్యాంటేసుకుని చేస్తాడు" అనేవారు.

బాగుచేసిన ప్రతిసారీ తెర నాలుగు మూలలా గంధం రాసి కుంకుమబొట్టు పెట్టేవారు. కింద కుడివైపు మూల, యంత్రం తేదీ, వేళ చూపించే చోట, బొట్టు మీద బొట్టు పడి దళసరి పెచ్చు కట్టింది. ఆ పెచ్చు వెనక ఎంతయిందో ఆయన ఎన్నడూ పట్టించుకోలేదు. గోడకి గడియారం ఉందిగా అన్నది ఆయన ధీమా.

జ్యేష్ఠమాసంలో యంత్రం మళ్లీ మొరాయించింది. మెయిన్ కట్టేసి, రబ్బరు వైద్యం చేశాక, మదర్‌బోర్డు మీద తళతళలాడుతున్న బిళ్ల బ్యాటరీ ఒకటి ఆయన కంటపడింది.

"ఏమేవ్, ఇది చూశావా? గోడలోంచి అంత కరెంటు తాగుతూ ఇంకా బ్యాటరీ ఎందుకే దీనికి? ఒట్టి సోకు!"

భార్య మంగతాయారు వంటింట్లోంచి తొంగిచూసింది. "చేసినవాడు ఊరికే పెడతాడాండీ? ఉన్నచోట ఉండనివ్వండి."

"నీకు తెలీదులే."

దేవుడి మందిరంలో బ్యాటరీతో వెలిగే ప్లాస్టిక్ ప్రమిద ఒకటి ఎప్పుడో ఆరిపోయి ఉంది. ఈ బిళ్ల అందులో అతికినట్టు సరిపోయింది. ప్రమిద మిణుకుమంది. యంత్రానికి బరువు తగ్గింది, దేవుడికి వెలుగు వచ్చింది అని ఆయన తెగ మురిసిపోయారు.

మర్నాటి నుంచీ యంత్రం లేస్తూనే నల్లటి తెర మీద నాలుగు ఇంగ్లీషు ముక్కలు పెట్టి, ఎఫ్ వన్ మీట నొక్కితేగాని కదలనని భీష్మించేది. ఆయన నొక్కేవారు. మనకి ఆచమనం ఉన్నట్టు దానికీ ఏదో ఉంటుందనుకున్నారు. ఆ ముక్కలు కూడబలుక్కుని చదివితే తేదీ పోయిందని తెలిసేది. చదవలేదు.

అలా ఉండగా ఒకరోజు పొద్దున గుళ్లో అభిషేకం ముగించుకుని ఇంటికొచ్చి, కంప్యూటరు ముందు కూర్చోగానే ఫోను మోగింది.

"పంతులుగారండీ, నేనండి, పెంటపాడు గోపీచంద్‌నండి. ఆడపిల్లండీ! ఇప్పుడే, ఇప్పుడే పుట్టిందండి! తాడేపల్లిగూడెం హాస్పిటల్లో ఉన్నామండి."

గోపీచంద్ వాళ్లది పెంటపాడులో వరి సేద్యం. తాతల కాలం నుంచీ ఆ ఇంటి కార్యాలన్నీ సోమసుందరంగారి ఇంటివాళ్లే చేయిస్తున్నారు. పెళ్లయ్యాక చాలాకాలం ఎదురుచూస్తే పుట్టిన మొదటి బిడ్డ.

"శుభం నాయనా! ఉండు, నక్షత్రం చూసి చెప్తాను."

"ఆయ్, చూడండి. నర్సమ్మ పిల్లని బయటికి తెస్తానందండి."

'ప్రస్తుత సమయం' నొక్కారు. చక్రం గీసుకుంది. తెరకి కళ్లజోడు ఆనించినంత పనిచేసి నక్షత్రం చదివి, గతుక్కుమన్నారు.

"గోపీ! పిల్లని చూశావా?"

"లేదండి. అదిగో, తలుపు తీస్తున్నారండి."

"చూడకు! వెనక్కి తిరుగు! మూలా నక్షత్రమయ్యా. శాంతి జరిగేదాకా తండ్రి చూడకూడదు."

అవతల ఏదో గందరగోళం. తర్వాత ఫోన్లో గోపీచంద్ తల్లి కాంతం గొంతు వినిపించింది. "మావాణ్ణి మెట్ల వైపు తోసేశానండి పంతులుగారూ. మీరేం కంగారుపడకండి. మీరు చెప్పినట్టే చేస్తాం."

మళ్లీ మూల వచ్చిన రోజున శాంతి చేసి, గిన్నెడు నువ్వులనూనెలో ముందు బిడ్డ నీడని తండ్రికి చూపించి, ఆ తర్వాతే మొహం చూపించడం ఆనవాయితీ. అందాకా బాలింతనీ పిల్లనీ జంగారెడ్డిగూడెంలో ఆమె పుట్టింటికి పంపేశారు. కారు ఎక్కేటప్పుడు గోపీచంద్ ఎక్కడ తొంగిచూస్తాడోనని కాంతం అతన్ని ధాన్యం కొట్లో పెట్టి గొళ్లెం వేసిందని చెప్పుకున్నారు. గొళ్లెం వేయగా నేను చూడలేదు. అసలు నాకు మీసమే లేదు లెండి, గొరిగించుకోవడానికి.

కొద్దిరోజులకి గోపీచంద్ మళ్లీ ఫోను చేశాడు. గొంతు నూతిలోంచి వచ్చినట్టుంది.

"ఒక సందేహమండి పంతులుగారూ. నాది కాదండి. మా ఫ్రెండ్ ఒకడున్నాడండి. వాడికీ ఇలాగే మూలలో పుట్టిందండి."

"ఏ ఊరు?"

"ఊరా అండీ... చింతలపూడి అవతలండి. వాళ్లావిడ ఫోన్లో పిల్ల ఫోటో పంపిందండి. వాడు చూసేశాడండి. ఫోటో చూసినా చూసినట్టేనాండి?"

సోమసుందరంగారు గొంతు సవరించుకున్నారు. ఇటువంటి ప్రశ్నలంటే ఆయనకి మహా ఇష్టం. "నూనెలో నీడ కూడా శాంతయ్యాకే చూడాలన్నారంటే, ఫోన్లో బొమ్మ ముందే చూడొచ్చా? తప్పు చేశాడు. తండ్రికి గండమని చెప్పు మీవాడికి."

అవతల గోపీచంద్ "చెప్తానండి" అని పెట్టేశాడు.

ఆ సాయంత్రమే గోపీచంద్ తండ్రి పాండురంగారావు, మనవరాలి జాతకం కాగితం పంపమని అడిగించారు. అచ్చు తీద్దామని సోమసుందరంగారు దాచిన చక్రాన్ని తెర మీదికి తెచ్చారు. ఈసారి తాపీగా పైనుంచి చదివారు. తిథి: అమావాస్య.

మొదట నవ్వొచ్చింది. పిల్ల పుట్టిన రోజు రాత్రి ఆయన అరుగు మీద పుచ్చపువ్వులాంటి వెన్నెల్లో పడుకున్నారు. అమావాస్యేమిటి? ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. తిథి తప్పయితే, నక్షత్రం?

ఈ కాలపు పురోహితులు సంకల్పంలో 'శుభతిథౌ, శుభనక్షత్రే' అని దాటేస్తారని ఆయన ఎప్పుడూ ఎగతాళి చేసేవారు. తాను మాత్రం ఏ రోజు తిథి, ఏ రోజు నక్షత్రం ఆ రోజు పేరు పెట్టి గుడి గంట మోగినట్టు చదివేవారు. పిల్ల పుట్టిన పొద్దున కూడా చదివారు. త్రయోదశి, అనూరాధ. తన నోటితోనే అనూరాధ అని చదివి, ఇంటికొచ్చి, తువ్వాలు దండెం మీద వేసి, యంత్రం మూల అంటే మూల అన్నారు.

గూట్లోంచి పంచాంగం తీశారు. ఆ పొద్దంతా అనూరాధే. తెర మూల పెచ్చుని గోటితో గీకారు. కింద రెండువేల పద్నాలుగు, జనవరి ఒకటి అని ఉంది. అది ఆ యంత్రం తయారైన ఏడాది. బ్యాటరీ లేకపోవడంతో, మెయిన్ కట్టేసినప్పుడల్లా దానికి కాలం మరుపొచ్చి, ఆ ఏడాది మొదటిరోజుకి పోయి కూర్చుంటోంది. ఆ రోజు అమావాస్య, ఆ పొద్దున మూల. ఈమధ్య ఆ మీట నొక్కింది ఒక్క గోపీచంద్ బిడ్డకే, అదొక్కటే అదృష్టం.

మందిరంలో ప్రమిద మిణుకుమిణుకుమంటోంది. ఆయన అటు చూడలేకపోయారు.

సంగతంతా విని మంగతాయారు, నేను అప్పుడే చెప్పానుగా అనలేదు. అని ఉంటే ఆయనకి కాస్త తేలిగ్గా ఉండేది. ఒక్కటే అడిగింది. "పొద్దున ఫోను చేసిన అబ్బాయి ఫ్రెండు ఎవరంటారండీ? పెంటపాడులోనూ మూలే, చింతలపూడి అవతలా మూలేనా? పాపం, ఆ గొంతు విన్నారా మీరు?"

ఆ ఫ్రెండెవరో ఆయనకి అప్పుడు తట్టింది.

"శాంతి ఎలాగూ చేస్తున్నాంగా" అన్నారు నెమ్మదిగా. "చేస్తే మంచేగాని చెడు లేదు. ఎవరికీ చెప్పక్కర్లేదు. అయిపోతుంది."

"అయ్యేదాకా ఆ అబ్బాయికి ముద్ద దిగుతుందాండీ? గండమన్నారు మీరు."

మర్నాడు ఆయన ఏలూరులో తాడేపల్లిగూడెం బస్సెక్కారు. చెప్పాల్సిన మాట కూర్చుకుంటూ వెళ్లారు. భీమడోలు దాకా తప్పు యంత్రానిది. పుల్ల ఊరు దాటేసరికి ఆ ప్రోగ్రాం రాసినవాడిది. చేబ్రోలు దగ్గర కరెంటువాళ్లది. పెంటపాడులో ఆటో దిగేసరికి ఎవరూ మిగల్లేదు, ఆయన తప్ప.

పాండురంగారావు పేపరు మడిచి లేచి నిలబడ్డారు. కాంతం కుర్చీ వేసి, మజ్జిగ తెచ్చింది. "కబురు పెడితే మేమే కారు పంపేవాళ్లంగదండీ!"

ఆయన కూర్చోలేదు. మజ్జిగ ముట్టలేదు. "నేను చెప్పిన నక్షత్రం తప్పు. మీ మనవరాలిది అనూరాధ. ఏ దోషమూ లేదు. ఏ శాంతీ అక్కర్లేదు" అన్నారు నేలచూపులు చూస్తూ.

"కంప్యూటరు చెప్పిందన్నారుగదండీ?" అన్నారు పాండురంగారావు.

"దాంట్లో బ్యాటరీ పీకేశానండి. తేదీ పోయింది."

"పీకేసి?"

"దేవుడి దగ్గర ప్రమిదలో పెట్టాను."

ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండునని ఆయన ఎదురుచూశారు. కాంతం చేతిలో గ్లాసు చేతిలోనే ఉంది. "మా కోడలు ఎంత ఏడ్చిందోనండీ" అంది చివరికి, ఎంతో మర్యాదగా.

గోపీచంద్ చేలోంచి అప్పుడే వచ్చి, బురదకాళ్లతో వాకిట్లో నిలబడిపోయాడు. మొహం పీక్కుపోయి ఉంది. అంతా విన్నాడు.

"పంతులుగారండీ, ఆ ఫ్రెండ్ నేనేనండి."

"తెలుసు నాయనా."

"చూసి చెరిపేశానండి. ఆగలేక చూశాను. దానికి జలుబు చేసిందంటే నావల్లే చేసిందనుకున్నానండి. మా అమ్మక్కూడా చెప్పలేదు." సిగ్గుతో అతని చెవులు ఎర్రబడ్డాయి.

ఏ పాపమూ చేయని పిల్లవాడు తన ముందు సిగ్గుపడుతుంటే సోమసుందరంగారు ముందుకు కదిలారు. రెండు చేతులూ జోడించబోయారు. గోపీచంద్ గబుక్కున వచ్చి ఆ చేతులు పట్టుకున్నాడు. "మీరలా చేయకూడదండీ." ఆ మాట చెంపదెబ్బకన్నా గట్టిగా తగిలింది.

కాంతం గ్లాసు అరుగు మీద పెట్టింది. "కారు తియ్యరా. పంతులుగారూ, మీరూ ఎక్కండి. మూలని చెప్పింది మీరు. కాదని మా కోడలికీ మీరే చెప్పండి."

దారంతా ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉన్నారు, ఏమీ చూడలేదు. జంగారెడ్డిగూడెంలో గోపీచంద్‌ని వాకిట్లోనే ఆపి, కాంతం ఆయన్ని గుమ్మం దాకా తీసుకెళ్లింది. లోపల గోపీచంద్ భార్య రమ్యశ్రీ చీర ఉయ్యాల పక్కన కూర్చుని ఉంది. చెవులకి గుడ్డ కట్టుకుని, చిన్నపిల్లలా ఉంది. ఆయన చెప్పారు. ఈసారి యంత్రం మాటే ఎత్తలేదు. నేను తప్పు చెప్పానమ్మా అన్నారు.

ఆమె ఉయ్యాల తాడుని సర్దింది. "పుట్టగానే నర్సమ్మ గోడ గడియారం చూసి వేళ గట్టిగా చెప్పిందండి. నేను విన్నాను. నన్నడిగితే చెప్పేదాన్నిగదండీ. ఎవరూ అడగలేదు."

"అడగాల్సింది తల్లీ" అన్నారాయన.

రమ్యశ్రీ పిల్లని ఎత్తుకుని గుమ్మంలోకి వచ్చింది. వాకిట్లో గోపీచంద్ ఇంకా వీధివైపు తిరిగే నిలబడి ఉన్నాడు.

"ఇప్పుడు తిరగొచ్చాండి?" అని అడిగాడు, వెనక్కి చూడకుండానే.

ఆయన తల ఊపారు. వీపు తిప్పి నిలబడ్డవాడికి తల ఊపడం ఎలా కనిపిస్తుంది? నోరు తెరిచి చెప్పక తప్పలేదు.

"తిరుగు నాయనా. చూసుకో."

గోపీచంద్ తిరిగాడు. పిల్ల కళ్లు తెరిచి తండ్రి వంక చూసి కిలకిలా నవ్వింది. అతను భోరుమన్నాడు. సోమసుందరంగారు చెప్పులేసుకుని, ఎవరూ పిలవకముందే, బస్టాండు ఎటని అడగడానికి కూడా మొహం చెల్లక, తోచినవైపు నడిచారు.

పిల్ల నవ్విందన్నానే, అది మాత్రం నేను కల్పించాను. అంత పసిగుడ్డు ఏం నవ్వుతుంది? నిద్రపోతోంది. అది లేచేదాకా గోపీచంద్ ఆ గుమ్మం దగ్గరే, కాళ్లు కడుక్కోమన్నా కదలకుండా నిలబడ్డాడు.