డెల్ఫీనా ఎర్రబొట్టు గింజలు

1987 మార్చి మూడో తేదీ, మంగళవారం. మర్నాటి నుంచి నలభై రోజుల ఉపవాసాలు. ఆ మధ్యాహ్నం రువేల్లా ఊరంతా చర్చి ముందు బల్లల మీద కూర్చుని పంది తోలు, సాసేజీలు వేసి పెద్ద రాగి కాగులో ఉడికించిన చిక్కుడు గింజల పులుసు తిన్నది. ముసలి ఎవాజియోకి ఆ తేదీ ఎందుకు గుర్తంటే, గింజలు ఉడకలేదు.

అన్నీ కాదు, కొన్ని. మెత్తటి గింజల మధ్య రాళ్లలా పంటికి తగిలాయి.

"ఒరేయ్ సెకోందో, ఈ కంకర ఎక్కణ్ణుంచి తోలించావురా?" రొట్టెల కొట్టు ముసలమ్మ ఒట్టావియా కేకేసింది. "నాకున్నవే నాలుగు పళ్లు. పండగపూట అవీ రాల్చేస్తావా?"

"ఉప్పు ముందే వేసుంటాడు. కొత్తవాడి చేతికి గరిటిస్తే ఇంతే!" అన్నారు ఇంకెవరో.

అంతా నవ్వారు. కాగు పక్కన సెకోందో చెవులు ఎర్రబడ్డాయి. "ఉప్పు చివర్లోనే వేశానండీ" అన్నాడు. ఎవరూ వినలేదు.

ఎవాజియో గిన్నెలోంచి తలెత్తలేదు. ఇరవై ఏళ్లు ఆ గరిటె తిప్పింది ఆయనే. ఏళ్ల తరబడి నిలవున్న గింజ ఎంత మంట పెట్టినా మెత్తబడదని ఆయనకి తెలియనిదా? మొన్న ఆదివారం ఈ పులుసు కోసం ఊరివాళ్లు డప్పు కొట్టుకుంటూ ఇంటింటికీ గింజలడగడానికి వచ్చినప్పుడు ఆయనింట్లో కొత్త పంట లేదు. భార్య డెల్ఫీనా పోయిన ఈ నాలుగేళ్లలో పెరట్లో చిక్కుడు పందిరే వేయలేదు. గుమ్మంలో అంతమంది నిలబడితే లేదనడానికి నోరు రాలేదు. ఆమె దాచిన గింజల జాడీ తెచ్చి వాళ్ల గోనెలోకి వంపేశాడు.

ఇప్పుడు లేచి ఒక్క మాట చెబితే చాలు. చెంచా పక్కన పెట్టి సగం లేచాడు.

"ఏం ఎవాజియో, నీ గొంతులో కూడా ఇరుక్కుందా?" అంది ఒట్టావియా. మళ్లీ నవ్వులు. ఆయన కూర్చుండిపోయాడు.

చీకటి పడ్డాక ఎవాజియో సెకోందో ఇంటికి వెళ్లాడు.

"ఆ గింజలు నావిరా నాయనా."

"తెలుసు బాబాయ్." సెకోందో అలమరలోంచి చిన్న మూట తీశాడు. విప్పితే తెల్లటి గింజలు, ఒక్కోదానికి ఒక ఎర్రబొట్టు. "కడిగేటప్పుడు చూశాను. పిన్ని పెరట్లో తప్ప ఈ రకం ఎక్కడుంది? ఇంత పాతవనుకోలేదు. విత్తనానికుంటాయని గుప్పెడు తీసిపెట్టా."

"రేపు ఉపవాసాల మొదటి రోజు, నుదుట బూడిద పెట్టించుకోడానికి అంతా చర్చికొస్తారుగా. అక్కడ చెప్పేస్తాను."

"వద్దు. నేను ఉప్పు ముందేశానన్నది వచ్చే ఏటికి మర్చిపోతారు. పిన్ని గింజలు ఉడకలేదన్నారంటే, ఆ మాట పిన్నికి అంటుకుపోతుంది."

ఎవాజియో సరేనన్నాడు. అంత తొందరగా సరేనన్నందుకు ఆయనకి మధ్యాహ్నం కన్నా ఎక్కువ సిగ్గేసింది. మూట జేబులో పెట్టుకుని మెట్లు దిగాడు. ఆయనకి వెలుతురు పడేలా సెకోందో తలుపు బార్లా తెరిచి నిలబడ్డాడు. ముసలాయన వీధిలోకి చేరాక, చప్పుడు కాకుండా వేసుకున్నాడు.