పిన్ని తిట్లు, మాస్టారి ప్రశ్న

ముందుగా ఒక తప్పు ఒప్పుకుంటాను. పూర్తిగా చదవకుండానే ఒకరి పోస్టు మీద ఫిర్యాదు నొక్కిన చెయ్యి నాది కూడా. అందుకే ఈ కథలో అమ్మాయిని నేను తిట్టలేను.

ఆఫీసులో ఆమెను అందరూ కత్తెర అంటారు. జనం కబుర్లు చెప్పుకునే ఒక యాప్‌లో, ‘మా మతాన్ని కించపరిచారు’ అని ఫిర్యాదు వచ్చినవన్నీ తీసేయడం ఆమె పని. పొద్దున్నే పొగమంచు కిటికీ అద్దానికి ఆనుకుని ఉండేది. తెర మీద మాటలు వెలిగేవి, ఆమె వేలు తగలగానే నీళ్ళలో ఉప్పురాళ్ళలా కరిగిపోయేవి. అంతా సగం నిద్రలో జరిగినట్టుండేది. ఏ మాట ఎవరిదో చూసేది కాదు.

"మనకి అన్ని మతాలూ సమానమేనమ్మా. ఎవరు ఏడ్చినా కోసెయ్, గొడవ వదిలిపోతుంది" అనేవాడు మేనేజరు.

ఆ రోజు ఫిర్యాదుల వరుసలో ఒక ఆడియో పోస్టు తెరవగానే ఒక గొంతు వినిపించింది.

"ఓయ్ దేవుడా! అవి కళ్ళా, గాజు గోళీలా? నా మనిషిని తీసుకెళ్ళి ఏం బావుకున్నావు?"

ఆమె వేలు గాల్లోనే ఆగిపోయింది. ఆ గొంతు పిన్నిది, తల్లి పోయాక తనను పెంచిన పిన్నిది. బాబాయి పోయిన ఈ రెండేళ్ళూ పిన్ని రోజూ దేవుడికి దండం పెట్టి, ఆ వెంటనే ఈ యాప్‌లో ఆయన్ని దులిపేస్తోంది. మూడు మతాల వాళ్ళూ ఫిర్యాదు చేశారు. తీసేస్తే ఖాతాయే మూతపడుతుంది. పిన్ని దుఃఖానికి ఉన్న ఒక్క కిటికీ అది.

వెంటనే ఫోన్ చేసింది. "పిన్నీ, నీ తిట్ల మీద ఫిర్యాదులొచ్చాయి. నీ ఒక్కదానికి మినహాయింపు ఇప్పిస్తాలే. ఎవరూ ముట్టుకోరు."

"ఏం, నేనేమన్నా ఆకాశం నుంచి ఊడిపడ్డానా? అది సరేగానీ, నా తిట్ల కింద రోజూ ‘అసలు లేని దేవుణ్ణి ఎందుకమ్మా తిడతారు’ అని రాసే మాస్టారు ఉండేవాడు చూడు, నాలుగు రోజులుగా అజాపజా లేడేంటే?"

నాలుగు రోజుల కిందట కరిగిన ఒక ఉప్పురాయి ఆమెకు గుర్తొచ్చింది.

"ఆయన ఖాతా నేనే తీసేశాను పిన్నీ."

పిన్ని గొంతు లేచింది.

"నేను తిడితే భక్తీ, ఆయన అడిగితే పాపమూనా? నా నోటికే తట్టుకున్న దేవుడు ఆయన ప్రశ్నకి అరిగిపోతాడటే? ఆయన్ని తిరిగి పెట్టు. లేదంటే నాదీ కోసెయ్."

కత్తెర మాస్టారి ఖాతా తిరిగి తెరిచింది, పిన్నిదీ ఉంచేసింది. తిన్నగా మేనేజరు గదికి వెళ్ళింది.

"మనిషిని కొడతానన్న మాటని నేనే ముందు తీసేస్తాను సార్. దేవుణ్ణి అడిగిన మాట జోలికి మాత్రం పోను."

"ఉద్యోగం పోతుందే!"

"అది మీ చేతిలో ఉంది. ఈ వేలు నాది."

ఆ వారమే ఆమెను వేరే పనికి మార్చారు. కానీ మేనేజరుతో ఆ మాటలైన మర్నాడే పొద్దున, మంచు విడుతుండగా, పిన్ని తిట్ల కింద మాస్టారి ప్రశ్న మళ్ళీ వెలిగింది. దాని కింద పిన్ని జవాబు: "వచ్చారా! మీరు లేక నాకూ దేవుడికీ కూడా తోచలేదు."

మొక్కేవాళ్ళూ, దెబ్బలాడేవాళ్ళూ, అసలు లేడనేవాళ్ళూ ఒకేచోట నోరు విప్పగలిగితేనే అన్ని మతాలూ సమానమన్న మాటకు విలువ. అందరి నోళ్ళూ సమానంగా నొక్కేస్తే మిగిలేది భయమే.

మీ మాటను ఎవరైనా కోశారా? లేక, నాలాగే, మీరే కోశారా? రాయండి. ఈసారి చివరిదాకా చదువుతాను.