మొదటి వరుస ద్రాక్ష

ఆనాటి ఉదయం కాలిఫోర్నియాలోని డబ్లిన్‌లో, కూతురింట చక్రపాణిగారు సాలగ్రామానికి నివేదించినది బ్రెన్నర్ల తోట ద్రాక్ష. మనుమరాలు అవని మూడోనాడు మెట్టబోయే ఇల్లది. లివర్‌మోర్ లోయలో అయిదు తరాలుగా వైను చేస్తున్న కుటుంబం. వైను పేరెత్తితేనే ముఖం చిట్లించే ఆ పెద్దాయన, పండు పండే కదా అని మనసుకు నచ్చజెప్పుకొన్నారు. పెళ్లి తామే పురోహితులై పీటలముందు కూర్చొని జరిపిస్తామని మాట కూడా ఇచ్చారు. ప్రసాదం కళ్లకద్దుకొని తిన్నారు.

మధ్యాహ్నం కోతల విందుకు తోటకు వెళ్లారు. వరుని నాయనమ్మ హెలెన్ ఆయనను వెంటబెట్టుకొని, మొదళ్లు లావెక్కిన పాత తీగల వరుస దగ్గర ఆగింది. ఆమె మాటలను అవని తెలుగులో చెప్పింది.

"తాతా, ఇది వీళ్ల ఫస్ట్ రో. దీని వైన్ బయట అమ్మరు, ఫ్యామిలీకే. కొత్తగా రిలేటివ్స్ అయ్యేవాళ్లకి ఫస్ట్ గ్రేప్స్ ఇక్కడివే ఇస్తారు. నిన్న నీకు పంపింది ఇవే."

"సంతోషమమ్మా. నాకింత మర్యాద దేనికి?"

హెలెన్ ఒక మొదలును నిమిరి, ఏదో అని నవ్వింది. అవని నవ్వలేదు.

"ఏమంటుందే ఆవిడ?"

"ఆవిడ హస్బెండ్ బతికున్నప్పుడు అంతా పులుపేనట. ఇక్కడికొచ్చాకే తీపి ఎక్కాడట." పెదవి కొరుక్కుంది. "తాతా, వీళ్లింట్లో ఎవరు పోయినా యాషెస్ ఈ మట్టిలోనే కలుపుతారు. ఫస్ట్ నుంచీ అంతే. నాకూ ఇప్పుడే తెలిసింది. ప్రామిస్."

చక్రపాణిగారు తీగ మొదలు దగ్గరనుండి వెనక్కి జరిగారు. అయిదు తరాల చితాభస్మం పీల్చిన తీగ. దాని ఫలాన్ని దేవుని ముందుంచి, తాము ఆరగించారు. కడుపులో దేవింది. ఈ దేహంతో హోమం ముందు ఎలా కూర్చోవడం? కూర్చోనంటే ఈ పిల్ల ముఖం ఎలా చూడడం?

"పెళ్లి చేయించవా?" అని అడిగింది అవని.

"ముందు నీళ్లు చూపించు."

ఆమె తోటలోని కుళాయి తిప్పింది. ఆయన నోరు పుక్కిలించి, ఆచమనానికి అరచేయి దొప్పగా పట్టి, చిన్ననాటి అలవాటుగా నదులను ఒక్కొక్కటే ఆ నీటిలోకి పిలవసాగారు. గంగ పేరు పలికారు, యమున పేరు పలికారు. గోదావరి దగ్గర నాలుక నిలిచిపోయింది.

రాజమండ్రి కోటిలింగాల రేవులో తండ్రి అస్థికలు కలిపినది తామే. అవి మునిగీ మునగకముందే, అదే మెట్టుమీద, అదే నీటితో ఆచమించారు. చెంబుతో ఇంటికి తెచ్చి ఈ సాలగ్రామాన్నే అభిషేకించారు. ఒక్కనాడైనా కడుపులో దేవలేదు.

ఇందాకటి దిగ్భ్రాంతి కంటె ఇది లోతుగా తగిలింది. అరచేతిలోని నీరు వేళ్ల సందులనుండి కారిపోతున్నా ఆయనకు తెలియలేదు.

"తాతా, ఓకేనా?"

"ఆవిడ భర్త పేరేమిటో అడుగు."

"వాల్టర్. ఎందుకు?"

"పెళ్లికి ముందు నాందిలో పోయిన పెద్దలను పేరుపేరునా పిలుస్తాం. నేను మనవాళ్లనే పిలుద్దామనుకున్నాను." ఆయన హెలెన్ వైపు తిరిగారు. "ఆయన తండ్రి పేరు, తాత పేరు కూడా కావాలి."

హెలెన్ ఒక్కొక్క తీగనూ తాకుతూ, పేర్లు చెబుతూ ముందుకు నడిచింది. చక్రపాణిగారు చెప్పులు గట్టున విడిచి ఆమె వెనుక అడుగుపెట్టారు.