చేదు చూసే మనిషి

ఆదిలక్ష్మి దగ్గితే నూకరత్నం మూకుడు దించుతుంది. మొదటి దగ్గుకి కాదు. అది మిరపకాయలకి వేడి తగిలిందని చెప్పే దగ్గు, గొంతు సవరించుకున్నట్టు చిన్నగా ఉంటుంది. ఆ తరవాత కొంగు ముక్కుకడ్డం పెట్టుకుని, కళ్లనీళ్లతో, పొయ్యినీ పొయ్యి వెలిగించినవాళ్లనీ తిట్టుకుంటూ దగ్గుతుంది. అప్పుడు మిరపకాయలు వేగినట్టు. ఆ శనివారం పొద్దున కూడా రెండో దగ్గు వినబడగానే మూకుడు దించి, మిరపకాయల్ని రోటి పక్కనున్న పళ్లెంలో కుమ్మరించింది.

"నీకు ఘాటెక్కదా పిన్నీ? అది ముక్కా, మట్టిబొమ్మకి పెట్టిందా?" అంది ఆదిలక్ష్మి, వంకాయలు తరుగుతూ.

"అలవాటైపోయిందే."

అలవాటు కాదు. శ్రావణంలో వచ్చిన జ్వరం పోతూ పోతూ ఆమె ముక్కునీ నాలికనీ వెంటబెట్టుకు పోయింది. ఇంగువ డబ్బాలో మొహం పెట్టినా ఏమీ లేదు. అన్నం తింటే తడిగుడ్డ నమిలినట్టుంది. అదే వస్తుందిలెమ్మన్నాడు డాక్టరు. రాలేదు. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. రామచంద్రపురం బస్టాండు వెనక సూరిబాబు మెస్సులో రోటిపచ్చడి నూరడం ఆమె పని, రోలున్న వసారా చివర గది ఆమె ఇల్లు. రుచి తెలియని మనిషికి రోలెవరిస్తారు, రోలు లేని మనిషికి గదెవరిస్తారు? అందుకని నోరు మూసుకుంది.

పని మాత్రం ఆగలేదు. ఉప్పు ఆమె గుప్పిటకి తెలుసు, చింతపండు వేళ్లకి తెలుసు, పోపు చెవికి తెలుసు. మిరపకాయలకి ఆదిలక్ష్మి ఉంది. గోంగూర, కొబ్బరి, బీరపొట్టు, అన్నీ నడిచిపోయాయి. దోసకాయ ఒక్కటే ఆమె చేతిలో లేదు. అందుకే ఇన్నాళ్లూ ఒకరోజు కాయలు ముదిరాయని, ఒకరోజు పుచ్చాయని తప్పించుకుంటూ వచ్చింది.

ఆ శనివారం సూరిబాబు తనే సంచి మోసుకొచ్చి రోటి దగ్గర దించాడు. యాభై దాటిన మనిషి, భారీగా ఉంటాడు, వంగితే ఆయాసపడతాడు.

"ఇయాళ దోసకాయే అక్కా. ఇంక సాకులు చెప్పకు. మా అమ్మతో పాటే దోసకాయ పచ్చడీ పోయిందేటని మొహమ్మీదే అడిగేత్తన్నారు జనం."

"నీళ్లు చాలని కాయలు బాబూ. చేదుంటాయేమో."

"ఉంటే నువ్వు లేవేటి, చూడ్డానికి?" అని నవ్వుతూ వెళ్లిపోయాడు.

చేదు చూడటం ఆ వంటింట్లో ఒక పద్ధతి. సూరిబాబు తల్లి సుబ్బాయమ్మ పెట్టింది. కోటిపల్లి రేవులో పడవ నడిపే మొగుణ్ణి వరద తీసుకుపోయాక, ఎటు పోవాలో తెలియక గుమ్మంలో నిలబడ్డ పడుచు నూకరత్నాన్ని ఆవిడే లోపలికి పిలిచి రోటి ముందు కూర్చోబెట్టింది. ఏ దోసకాయైనా సరే, తొడిమ వైపు చెక్క కోసి కొరికి చూడందే రోట్లో వెయ్యకూడదు. ఒక్క చేదు కాయ పడిందా, మొత్తం పచ్చడి కుడితిలో పొయ్యాల్సిందే. కొరికిన చెక్కల్ని భోజనాలయ్యేదాకా రోటిగట్టు మీద వరసగా ఉంచాలి. ఎవరైనా చేదన్నారంటే ఏ కాయ దగ్గర పొరబడ్డామో చూసుకోవడానికి. ఆ గట్టు మీది చెక్కల్లో ఏనాడూ చేదు దొరకలేదు. నూకరత్నం జీవితంలో గర్వపడ్డదేదైనా ఉంటే అదొక్కటే.

ఆమె కత్తిపీట మీద మొదటి కాయ కోసింది. పసుపు తొక్క కింద తెల్లటి కండ, చెమర్చి ఉంది. ఆ చెక్కని ఆదిలక్ష్మి వైపు చాపింది, ఏదో మాటవరసకన్నట్టు.

"తినవే. చల్లగా ఉంటది."

"శనోరం పూట తినమంటావేటి పిన్నీ? వాడపల్లి ఎంకన్నకి ఏడు శనోరాలు మొక్కుకున్నా. పొద్దుగూకేదాకా మంచినీళ్లే."

చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది. చెప్పేద్దామా అనుకుంది. ఆదిలక్ష్మి మంచిదే. కాని ఆమె చెవిన పడ్డ మాట కూర ఉడికేలోగా బస్టాండు చేరుతుంది. నూకరత్నం చెక్క నోట్లో పెట్టుకుని కొరికింది. చల్లదనం తెలిసింది, అంతే. గట్టు మీద పెట్టి, కాయ చెక్కు తీసి, గింజలు గీకి, ముక్కలు చేసింది. ఇంకొకటి. ఆ తరవాత ఇంకొకటి. ఎప్పటిలాగే నములుతూ, ఎప్పటిలాగే తలాడిస్తూ.

ఒక కాయ దగ్గర మాత్రం ఆగింది. నాలిక చివర ఏదో ముడుచుకున్నట్టనిపించింది. మళ్లీ కొరికింది. ఈసారి ఏమీ లేదు. ఇలాంటి భ్రమలు ఆమెకి కొత్త కాదు. ఓ రోజు పోపు వాసన వచ్చిందని సంబరంగా పరుగెత్తి మూకుట్లోకి వంగింది, మొహానికి ఆవిరి తగిలిందే గాని వాసన లేదు. ఆ రోజు గది తలుపేసుకుని ఏడ్చింది. మళ్లీ మళ్లీ నమ్మడానికి ఒంట్లో ఓపిక ఉండద్దూ? పోనీలెమ్మని ఆ చెక్కనీ గట్టు మీద వరసలో పెట్టి, ఆ కాయ కూడా తరిగేసి, మిరపకాయలూ మినప్పప్పూ మెదిగాక అన్నిటితో పాటు రోట్లో వేసి కచ్చాపచ్చాగా దంచింది.

భోజనాలు మొదలయ్యాక ఆమె వసారాలో గోడకి చేరగిలబడి వింటూ కూర్చుంది. మామూలుగా పప్పు కంటే ముందు "పచ్చడి, పచ్చడి" అని కేకలు వినబడతాయి. ఆ రోజు ఒకసారి వినబడి ఆగిపోయాయి. ఎవరూ తగువాడలేదు. సాంబారు అడిగారు, మజ్జిగ అడిగారు. వడ్డించే అప్పారావు పచ్చడి గిన్నె నిండుగానే తెచ్చి, ఆమెకేసి చూడకుండా గుమ్మం పక్కన పెట్టి వెళ్లాడు.

జనం పల్చబడ్డాక సూరిబాబు వచ్చి వేలితో తీసి నాకాడు. మింగాడు. పీట లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

"ఎన్నాళ్ల నించక్కా?"

"శ్రావణం జ్వరం కాణ్ణించి."

"చెప్పొచ్చు గదా."

"చెప్తే ఏం చేద్దువు బాబూ?"

అతను వేలు తువ్వాలుకి తుడుచుకున్నాడు. "ఏం చేస్తాను," అన్నాడు. "రేపట్నించి చేదు ఆదిలక్ష్మి చూస్తది. నూరేది నువ్వే. గది ఎక్కడికీ పోదు. మా అమ్మిచ్చిన గదిని నేను లాక్కుంటాననుకున్నావా?"

అతను నిజంగానే నొచ్చుకున్నాడు. గుమ్మంలోంచి విన్న ఆదిలక్ష్మికి బాధ కంటే కోపం ఎక్కువ వచ్చింది.

"నా మొక్కు పోతే పోయేది, ఇంకో శనోరం చేసుకుందును. తినవే తినవే అన్నావు గాని, ఎందుకో చెప్పేవా?"

"తప్పేనే," అంది నూకరత్నం. నాలుగు నెలల బరువు అంత తేలిగ్గా దిగుతుందని ఆమె అనుకోలేదు. అది దిగిన చోట ఇంక అలసటే మిగిలింది. "కాసేపు నడుం వాలుస్తాను," అని రోటి పక్కన గచ్చు మీద, కొంగు పరుచుకుని, గోడ వైపు తిరిగి పడుకుంది. రోజూ పడుకునే చోటే.

టీ వేళకి ఆదిలక్ష్మి గ్లాసు తెచ్చి పిలిచింది. భుజం మీద చెయ్యి వేసి మళ్లీ పిలిచింది. గ్లాసు కింద పెట్టి, సూరిబాబు కోసం వెళ్లింది.

నూకరత్నం చెల్లెలి కొడుకులు వచ్చి శవాన్ని తీసుకుపోయేసరికి పొద్దు వాటారింది. మెస్సు మూసేశారు. ఎవరూ చెప్పకపోయినా ఆదిలక్ష్మి రోలు కడగడానికి కూర్చుంది. గట్టు మీద చెక్కలు వరసగా అలాగే ఉన్నాయి, అంచులు వాడి ముడుచుకున్నాయి. మొక్కు సంగతి ఆమెకి గుర్తు లేదో, గుర్తున్నా పట్టించుకోలేదో, ఒక్కొక్కటే తీసి కొరికింది. బాగుంది. ఇదీ బాగుంది. అన్నీ బాగానే ఉన్నాయి.

ఒకటి మాత్రం నోట్లో పెట్టగానే విషంలా ఉంది. తుపుక్కున ఉమ్మి, పారేద్దామని చెయ్యెత్తి, ఆగి, వెలుతురు వైపు తిప్పి చూసింది. మిగతా చెక్కల మీద నూకరత్నం పంటిగాటు ఒక్కొక్కటే ఉంది. తను కొరికిన మూల కాక, ఈ చెక్కకి రెండున్నాయి.