పసుపు పూసిన పిస్టన్లు

మామిడి పూత మీద తేనెమంచు పురుగు వాలితే రైతు మొహం వాలిపోతుంది. రెడ్డిగూడెంలో వీరరాఘవయ్య తోటలో పురుగు వాలనే వాలింది. మందు కొట్టే ట్రాక్టరేమో ఇంజను విప్పుకుని షెడ్డులో కూర్చుంది. అద్దెకు తెద్దామంటే పూత రోజుల్లో ఖాళీ ట్రాక్టరు మైలవరం దాకా వెతికినా లేదు.

"రేపటికల్లా మందు పడకపోతే పూతంతా మాడి రాలిపోద్ది డేవిడూ. తర్వాత నా మొహానికే ఏదో పూత పూసుకోవాలి" అన్నాడు రాఘవయ్య.

మెకానిక్ డేవిడ్ రాజు తల గోక్కున్నాడు. ఆ పాత మోడల్‌కి పిస్టన్లు దొరక్క వేరే మోడల్‌వి తెచ్చారు. వాటి పిన్ను సన్నం, పాత కనెక్టింగ్ రాడ్ల కన్నం పెద్దది. విస్సన్నపేట లేత్‌లో కన్నాలకు బుష్‌లు వేయించి సందు పూడ్చారు. "బుష్ పడితే మీరు ఖుష్" అని అభయమిచ్చిందీ డేవిడ్ రాజే. వియ్యం కుదిరింది. కయ్యం బాకీ ఉంది.

బిగించే ముందు రాఘవయ్య తల్లి తులసమ్మ పసుపు గిన్నెతో వచ్చింది. ఇంటికి కొత్త గడ్డపార వచ్చినా పసుపు రాయనిదే ఆవిడ పనికి పంపదు. మూడు పిస్టన్ల నెత్తినా గడపకు మెత్తినట్టు మెత్తి, బొట్లు పెట్టి వెళ్లింది.

"తుడిచెయ్యి" గొంతు తగ్గించి అన్నాడు రాఘవయ్య.

"అమ్మగారు పెట్టిన బొట్టు నేను చెరిపితే ఏం బాగుంటదండీ? మీరే తుడవండి."

"నేనా? మధ్యాహ్నం అన్నం నువ్వు పెడతావా?"

"పోన్లెండి, ఇంజను వేడికి అదే కాలిపోద్ది. కింద గుర్తులు చూసేదేముంది? పాతవాటికి ముందూ వెనకా లేదు, వీటికి మాత్రం ఎందుకుంటది?"

పిస్టన్లు దించి, పైన మూతలా హెడ్డు బిగించి, ఇంజన్ను చేత్తో తిప్పి చూశారు. సగం చుట్టు తిరిగి, టక్. వెనక్కి తిప్పినా టక్.

"బుష్ బిగుతేమో?"

"వదులుగానే ఉందండీ."

"పిస్టన్ పొడుగేమో?"

"కొలిచానుగా!"

"మరి రాడ్డు రానంటోందా, పిస్టన్ పొమ్మంటోందా?"

డేవిడ్ రాజు ఇంకోసారి తిప్పాడు, టక్. రాఘవయ్యకు తలకాయే ఇంజనై, అందులోనూ ఏదో టక్కుమంటోంది. చేసేది లేక మళ్లీ హెడ్డు ఎత్తారు.

ఏమైందో చూద్దామని వచ్చిన తులసమ్మ పిస్టన్ల మీదికి వంగింది. "ఇదేంట్రా? నా పసుపు మీద ఎవరు వేలు పెట్టారు?"

ప్రతి పిస్టన్ మీదా, పసుపులో, ఒకే పక్కన నెలవంకల్లా రెండు నొక్కులు.

"వేలు కాదమ్మగారూ, వాల్వులు! పైనుంచి దిగి తగులుతున్నాయి" అన్నాడు డేవిడ్ రాజు. అన్నాడే గానీ చెయ్యి మాత్రం ముందుకు చాపలేదు.

తులసమ్మ ఇద్దర్నీ ఓసారి చూసి, చీర చెంగుతో తనే తుడిచింది. నొక్కులు పడ్డ పక్కకు ఎదురుగా, వాల్వులు దిగడానికని చేసిన గుంటలు బయటపడ్డాయి. పసుపుతో పూడిపోయి ఉన్నాయవి. నడుమ చిన్న బాణం గుర్తు. ఇంజను ముందుకు చూడాల్సిన బాణం డ్రైవరు సీటు వైపు చూస్తోంది.

"వీటికి ముందూ వెనకా ఉందండీ!"

"మనకే లేదన్నమాట" అన్నాడు రాఘవయ్య.

పిన్నులు లాగి, రాడ్లను అలాగే ఉంచి, పిస్టన్లను మాత్రం తిప్పి వేశారు. ఈసారి చుట్టు పూర్తిగా తిరిగింది.

మర్నాడు పొద్దున్నే మందు తుంపర్లలో పూత తడుస్తుంటే రాఘవయ్య ట్రాక్టరు మీద ఆలోచనలో పడ్డాడు. దారి తప్పించిందీ పసుపే, తప్పు చూపించిందీ పసుపే. అమ్మను ఏమనాలి?

ఎటూ తేలకముందే, రెండో గొట్టానికి కొత్త స్ప్రేగన్ తగిలిస్తున్న డేవిడ్ రాజు దగ్గరికి ఆవిడ గిన్నెతో వచ్చింది.

"అమ్మగారూ, పిడికి రాయండి" చేత్తో గన్ను మూతి కప్పేశాడు డేవిడ్ రాజు, "కన్నానికొద్దు!"